అమెరికా అధ్యక్ష ఎన్నిక: రెండేళ్ళుగా ఇదే ప్రచారం, మీకూ విసుగొచ్చేసిందా?

ఫిల్లీ శివారు
20 అక్టోబర్ 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం ఫిలడెల్ఫియా బయట చెస్టర్ కౌంటీలో ఉంటాం. ఎవరికి ఓటెయ్యాలో అడగడానికి రాస్తున్న పోస్టు కాదిది. ఆ సంగతి నేనూ మా ఆయనా ఎప్పుడో తేల్చుకున్నాం. ఇద్దరి ఓట్లూ ఒకరికే పడవు, దాని మీద ఇంట్లో గొడవా లేదు. నాకు విసుగొచ్చింది అభ్యర్థుల మీద కాదు, ప్రచారం మీద.

2022 మధ్యంతర ఎన్నికలైన వారానికే, నవంబర్ 15న, ట్రంప్ పోటీ చేస్తున్నానని ప్రకటించారు. పోలింగేమో 2024 నవంబర్ 5న. అంటే దాదాపు రెండేళ్ళు. ఈ ఏడాది జూన్‌లో డిబేట్, జూలైలో బట్లర్‌లో ట్రంప్ మీద కాల్పులు, వారం తిరిగేసరికి బైడెన్ తప్పుకోవడం, హారిస్ రావడం. ఒక్కొక్కటీ పిల్లలు రేపు చరిత్ర పుస్తకాల్లో చదువుకునే సంగతి. బట్లర్ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఎంత పెద్ద వార్త వచ్చినా భయమూ లేదు, కోపమూ లేదు. అలా ఏమీ అనిపించకపోవడమే నన్ను కలవరపెడుతోంది.

ఈరోజు టీవీలో ఈగల్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టుకుంటే ప్రతి బ్రేక్‌లోనూ ఇవే యాడ్లు. ఒకటి అయిపోగానే దానికి సరిగ్గా ఎదురు చెప్పే ఇంకొకటి. అవతలివాళ్ళ ముఖం నలుపు తెలుపుల్లో, వెనక భయం పుట్టించే మ్యూజిక్. మా అత్తగారు భీమవరం నుంచి వచ్చి మాతో ఉంటున్నారు. ఆవిడకి ఇంగ్లీషు కొంచెమే అర్థమవుతుంది. బొమ్మలు చూసి "ఏమిటమ్మా, ఈ దేశంలో ఇంత ఘోరాలు జరుగుతున్నాయా" అని, పగటిపూట కూడా తలుపు గడియ పెట్టించడం మొదలుపెట్టారు. పోస్టు డబ్బా నిండా మెరిసే కార్డులు. ఫోన్లో గంటకో మెసేజ్.

మీలో ఎవరికైనా ఇలాగే ఉందా? అసలు ఇంత పొడుగు ప్రచారం ఎందుకు? మిగతా దేశాల్లో ఇలా ఉండదు కదా?

ఫోర్సైత్ అన్న
20 అక్టోబర్ 2024, రాత్రి 10:15

అక్కా, పెన్సిల్వేనియా వాళ్ళకి నవంబర్ 5తో అయిపోతుందన్న ధైర్యమైనా ఉంటుంది. మా జార్జియాలో అదీ లేదు. ఇక్కడ ఎవరికీ 50 శాతం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోలింగ్ (రన్‌ఆఫ్) పెడతారు. 2020లో దేశమంతా నవంబర్‌లో ఊపిరి పీల్చుకుంటే, మాకు రెండు సెనేట్ సీట్లకీ రన్‌ఆఫ్ వచ్చింది. పోలింగ్ 2021 జనవరి 5న. సెనేట్ ఎవరి చేతిలో ఉండాలన్నది మా మీదే ఆధారపడింది కాబట్టి దేశంలోని డబ్బంతా ఇక్కడికే వచ్చి పడింది. క్రిస్మస్ రోజు కూడా టీవీ పెట్టలేకపోయాం. 2022లో మళ్ళీ అదే కథ, డిసెంబర్ 6న రన్‌ఆఫ్.

మా ఫోర్సైత్ కౌంటీలో తెలుగువాళ్ళం బాగానే ఉన్నాం. మొదట్లో మా ఇంటికి ఎవరైనా ప్రచారానికి వస్తే సంతోషంగా ఉండేది. మన ఓటు కోసం కూడా వస్తున్నారే అని కూర్చోబెట్టి టీ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు బెల్ మోగితే ఇంట్లో ఎవరూ లేవట్లేదు. ఈ మార్పు నాకు నచ్చడం లేదు, కానీ నిజం.

ఎర్లీ ఓటింగ్ అక్టోబర్ 15న మొదలైంది. మొదటి రోజే రాష్ట్రంలో 3 లక్షల మందికి పైగా వేశారు. అందులో మేమూ ఉన్నాం. ఉత్సాహంతో వెళ్ళినవాళ్ళు ఎంతమందో, "వేసేస్తే ఒక పని అయిపోతుంది" అని వెళ్ళినవాళ్ళు ఎంతమందో తెలియదు గానీ, నేను మాత్రం రెండో రకం.

బే ఏరియా బుజ్జి
20 అక్టోబర్ 2024, రాత్రి 11:05

మా ఫ్రీమాంట్‌లో పరిస్థితి పూర్తిగా వేరు. అధ్యక్ష ఎన్నికకి సంబంధించి ఒక్క మనిషి మా తలుపు తట్టలేదు. కాలిఫోర్నియా ఎటు పోతుందో అందరికీ ముందే తెలుసు కాబట్టి మా ఓటు ఎవరూ అడగరు. అధ్యక్షుణ్ణి తేల్చే 538 ఎలక్టోరల్ ఓట్లలో మా రాష్ట్రానివే 54, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. అయినా ఎటైనా మొగ్గగల ఏడు స్వింగ్ రాష్ట్రాల చుట్టూనే తిరుగుతారు: పెన్సిల్వేనియా, జార్జియా, నార్త్ కరొలైనా, మిషిగన్, అరిజోనా, విస్కాన్సిన్, నెవాడా.

మరి మాకు అలసట లేదా అంటే ఉంది. యాడ్లు లేకపోయినా వార్తలు అవే, వాట్సాప్ గ్రూపులు అవే. పైగా మా బ్యాలెట్‌లో ఈసారి 10 రాష్ట్ర ప్రతిపాదనలున్నాయి. అద్దెల నియంత్రణ, కనీస వేతనం, చిన్న నేరాలకి శిక్షలు, స్కూళ్ళకి బాండ్లు. ఇవన్నీ నా జీవితానికి నేరుగా తగిలే విషయాలు. ప్రభుత్వం పంపిన గైడు పుస్తకం టేబుల్ మీదే ఉంది. చదవడానికి కూర్చుంటే బుర్ర పనిచెయ్యదు. ఉన్న ఓపికంతా ఎక్కడో పెన్సిల్వేనియాలో ఎవరు గెలుస్తారన్న సర్వేలు చూడటానికే ఖర్చయిపోయింది.

బ్రాడీపేట నాలుగో లైన్
21 అక్టోబర్ 2024, ఉదయం 11:20 (గుంటూరు)

మా అబ్బాయి డెలావేర్‌లో ఉంటాడు కాబట్టి అక్కడి వార్తలు నేనూ చూస్తుంటాను. మొన్న జూలైలో ట్రంప్ గారి ఉపాధ్యక్ష అభ్యర్థి వాన్స్ గారి భార్య ఉషగారి పూర్వీకులది మన తణుకు దగ్గర వడ్లూరు అని తెలిశాక ఛానళ్ళ వాళ్ళు ఆ ఊరికి పరిగెత్తారు. అటు తమిళనాడులో హారిస్ గారి తాతగారి ఊరు తులసేంద్రపురంలో గుళ్ళో పూజలు. ఓటు లేని ఊళ్ళ దాకా వచ్చేసింది మీ ప్రచారం.

మన దగ్గర మార్చి 16న షెడ్యూల్ వచ్చింది, మే 13న ఓట్లేశాం. రెండు నెలలు. పోలింగుకి 48 గంటల ముందు మైకులన్నీ బంద్. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ ఉండకూడదు. ఆ చివరి రెండు రోజులూ ఊరు ఎంత ప్రశాంతంగా ఉంటుందో! ఓటరు స్థిమితంగా ఆలోచించుకోవడానికి చట్టమే ఇచ్చిన సమయం అది. అమెరికాలో అలాంటిది లేదా?

క్యూలో ఉన్నా
21 అక్టోబర్ 2024, ఉదయం 8:10

లేదండీ. పోలింగ్ రోజున కూడా యాడ్లు వస్తూనే ఉంటాయి. బూత్ దగ్గర కొన్ని అడుగుల దూరం ప్రచారం చెయ్యకూడదు, అంతే.

కానీ పెద్దాయనా, ఆంధ్రలో ప్రచారం రెండు నెలలే అంటే నేను ఒప్పుకోను. కోడ్ అమల్లో ఉన్నది రెండు నెలలు. ప్రచారం ఎప్పట్నుంచి? లోకేశ్ కుప్పంలో పాదయాత్ర మొదలుపెట్టింది 2023 జనవరి 27న. అంతకుముందు జగన్ 2017 నవంబర్‌లో మొదలుపెట్టి 2019 జనవరి దాకా 3,648 కిలోమీటర్లు నడిచారు. 2003లో రాజశేఖర రెడ్డి గారు చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచింది కూడా ఎన్నికలకి ఏడాది ముందే. మనవాళ్ళూ తక్కువేం కాదు.

బ్రాడీపేట నాలుగో లైన్
21 అక్టోబర్ 2024, సాయంత్రం 6:45 (గుంటూరు)

బాబూ, పాదయాత్ర మా ఊరికి ఒక్కసారే వస్తుంది. చూడాలనుకున్నవాడు రోడ్డు మీదకి వెళ్తాడు, లేనివాడు ఇంట్లో ఉంటాడు. ఆ నాయకుడు పొలంలో రైతుతో, సెంటర్లో ఆటో కుర్రాడితో మాట్లాడతాడు. వాళ్ళు చెప్పింది వింటాడో లేదో తర్వాతి మాట. చెప్పుకునే అవకాశమైతే వచ్చింది కదా. ఆ అమ్మాయి రాసింది వేరు. ఇంట్లో కూర్చున్న మనిషి మీదకి రోజూ వచ్చి పడటం గురించి. అందులో ఓటరు నోరు విప్పే సందెక్కడుంది?

బ్రాంప్టన్ బాబాయ్
21 అక్టోబర్ 2024, మధ్యాహ్నం 1:30

కెనడా సంగతి చెబుతాను. 2015లో ప్రచారం 78 రోజులు సాగితే జనం గగ్గోలు పెట్టారు. ఆధునిక కాలంలో అంత పొడుగుది ఇక్కడ జరగలేదు. తర్వాత చట్టం మార్చారు. ఇప్పుడు సుమారు ఐదు నుంచి ఏడు వారాల మధ్యలో ముగియాలి. పార్టీకీ అభ్యర్థికీ కూడా ఖర్చు మీద పరిమితి ఉంది. బ్రిటన్‌లో ఈ ఏడాది మే 22న ఎన్నిక ప్రకటించి జూలై 4న ఓట్లు వేయించేశారు. ఆరు వారాల పైచిలుకు. ఆ దేశాలేమీ మునిగిపోలేదు. అమెరికా మాత్రం ఎందుకు చెయ్యలేదు?

పాత పేపర్లు
21 అక్టోబర్ 2024, రాత్రి 10:50

నార్త్ కరొలైనాలో కాలేజీలో అమెరికా రాజకీయాలు చెబుతుంటాను. బాబాయ్ గారి ప్రశ్నకి కొంచెం పెద్ద జవాబు రాయాల్సి వస్తోంది, ఓపిగ్గా చదవండి.

కెనడాలో, బ్రిటన్‌లో ఎన్నిక ఎప్పుడన్నది ప్రధాని చేతిలో చాలావరకు ఉంటుంది. తేదీ తెలియనప్పుడు రెండేళ్ళ ముందు ఎవరు మొదలుపెడతారు? అమెరికాలో 1845 నాటి చట్టం ప్రకారం నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం. 2028లోనూ, 2032లోనూ పోలింగ్ ఏ తేదీనో ఇప్పుడే చెప్పేయొచ్చు. గీత ఎక్కడుందో తెలిసినప్పుడు అందరి కంటే ముందు పరుగు మొదలుపెట్టినవాడికే లాభం.

అయితే తేదీ 1845 నుంచీ ఇంతే. ప్రచారం మాత్రం మొదట్నుంచీ ఇంత పొడుగు లేదు. జాన్ కెనెడీ పోటీ ప్రకటించింది 1960 జనవరి 2న, అదే ఏడాది నవంబర్ ఎన్నికకి. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో) కూడా దిగకుండానే డెమొక్రటిక్ అభ్యర్థి అయ్యారు. పార్టీ పెద్దలు కన్వెన్షన్‌లో, అంటే పార్టీ మహాసభలో, తేల్చేవారు. ఆ ఏడాది షికాగో కన్వెన్షన్ బయట పోలీసులు యువకుల్ని కొట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. మా మాట లేకుండా అభ్యర్థిని ఎలా పెడతారని జనం నిలదీశారు. అప్పుడు పార్టీ సెనేటర్ మెక్‌గవర్న్ నాయకత్వంలో ఒక కమిషన్ వేసి నిబంధనలు మార్చారు. 1972 నుంచి ప్రైమరీలే అభ్యర్థిని తేలుస్తున్నాయి. దేశంలో ఎవరికీ పెద్దగా తెలియని జిమ్మీ కార్టర్ 1974 డిసెంబర్‌లోనే పోటీ ప్రకటించి, అందరి కంటే ముందు పార్టీ సమావేశాల్లో ఎంపిక జరిగే అయోవాలో నెలల తరబడి తిరిగి పేరు తెచ్చుకున్నారు. 1976లో గెలిచారు. ఆ తర్వాత ప్రతివాడూ అదే దారి పట్టాడు.

అంటే ఈ పొడుగు మొదట ఓటరుకి దక్కిన హక్కుతో వచ్చింది. దీన్ని మర్చిపోకూడదు.

దాన్ని ఇంత భారంగా మార్చింది డబ్బు. 1976లో సుప్రీంకోర్టు బక్లీ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. అభ్యర్థికి ఎవరెంత విరాళం ఇవ్వాలో పరిమితి పెట్టొచ్చు గానీ, అభ్యర్థి ఎంత ఖర్చు పెట్టాలో పెట్టకూడదు, అది వాక్ స్వాతంత్ర్యానికి అడ్డు అని. అందుకే కెనడాలాంటి పరిమితి ఇక్కడ చట్టంతో తేవడం కుదరదు. ఖర్చు అదుపులో పెట్టుకుంటానన్న అభ్యర్థికి ప్రభుత్వమే డబ్బిచ్చే పద్ధతి ఒకటి ఉండేది. 2008లో ఒబామా నవంబర్ ఎన్నికకి దాన్ని వద్దన్నారు. నాలుగేళ్ళకి రెండు పార్టీలూ వదిలేశాయి. మధ్యలో 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పు వచ్చి, బయటి సంస్థలు ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చంది.

ఇంకొక చిన్న నిబంధన చెబుతాను. ఎన్నికకి ముందు 60 రోజుల్లో టీవీ స్టేషన్లు అభ్యర్థికి అన్నిటికంటే తక్కువ రేటుకి యాడ్ ఇవ్వాలి. బయటి సంస్థలకి ఆ రాయితీ లేదు, అడిగినంతా కట్టాలి. వాళ్ళ దగ్గర డబ్బుకి కొరత లేదు కాబట్టి కడతారు. స్వింగ్ రాష్ట్రాల్లో లోకల్ స్టేషన్లకి ఎన్నికల ఏడాది పంట పండే ఏడాది. ప్రచారం తగ్గాలని కోరుకునేవాళ్ళు ఓటర్లు తప్ప ఈ వ్యవస్థలో ఎవరూ లేరు.

తలుపు తట్టేవాణ్ణి
22 అక్టోబర్ 2024, ఉదయం 7:30

నేను మిషిగన్‌లో ఓక్లాండ్ కౌంటీలో వారాంతాల్లో ఇంటింటికీ వెళ్ళి ప్రచారం చేస్తుంటాను. ఏ పార్టీకో చెప్పను. ఈ థ్రెడ్ చదువుతుంటే మనసు కష్టంగా ఉంది, అందుకే రాస్తున్నా.

ప్రచారం పొడుగు ఉండబట్టే ఒబామా అనే మొదటిసారి సెనేటర్ 2007 ఫిబ్రవరిలో బయల్దేరి దేశాన్ని ఒప్పించగలిగాడు. ఆరు వారాల ప్రచారమైతే పేరూ డబ్బూ ముందే ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరు నిలబడగలరు? ఈ ఏడాదే చూడండి. బైడెన్ గారి పరిస్థితి జూన్ 27 డిబేట్‌లో బయటపడింది. ప్రచారం సెప్టెంబర్‌లో మొదలయ్యే పద్ధతి ఉంటే ఆ సంగతి మనకి ఎప్పుడు తెలిసేది?

మీరు తలుపు తియ్యకపోవడం నాకు అర్థమవుతుంది. కానీ తలుపు తీసేవాళ్ళలో, చిరునామా మారాక ఎక్కడ ఓటెయ్యాలో తెలియనివాళ్ళుంటారు. మొన్ననే పౌరసత్వం వచ్చి మొదటిసారి ఓటు వేస్తున్న ఒక పెద్దావిడ ఉన్నారు, బ్యాలెట్ ఎలా మడవాలో చూపించమన్నారు. టీవీ యాడ్ ఆ పని చెయ్యదు. మమ్మల్నీ, ఆ యాడ్లనీ ఒకే గాట కట్టకండి.

ఫోర్సైత్ అన్న
22 అక్టోబర్ 2024, ఉదయం 8:55

తమ్ముడూ, నీ మాట కాదనను. అయితే హారిస్ గారి విషయం చూడు. బైడెన్ తప్పుకున్నది జూలై 21న. అక్కణ్ణుంచి పోలింగుకి 107 రోజులు. ఆ 107 రోజుల్లోనే అభ్యర్థిగా వచ్చారు, ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకున్నారు, షికాగోలో కన్వెన్షన్ జరిగింది, ఫిలడెల్ఫియాలో డిబేట్ అయింది. అంత తక్కువ టైంలో అన్నీ జరిగాయి కదా.

పాత పేపర్లు
22 అక్టోబర్ 2024, మధ్యాహ్నం 12:20

జరిగాయి, కానీ ప్రైమరీ ఓటర్ల మాట లేకుండా జరిగాయి. 1968 తర్వాత జనం పోరాడి తెచ్చుకున్నది సరిగ్గా దాన్నే కదా. ఆవిడ ఉపాధ్యక్షురాలు కాబట్టి అందరికీ తెలిసిన మనిషి, ప్రచార యంత్రాంగం సిద్ధంగా ఉంది. మామూలు ఏడాదిలో అలా కుదరదు.

నా మట్టుకు నేను కోరేది ప్రైమరీలన్నీ దగ్గర దగ్గరగా జరగడం. అయోవా జనవరి 15న అయితే, చివరి రాష్ట్రాలు జూన్‌లో. న్యూ హాంప్‌షైర్ అయితే తమ ప్రైమరీయే అందరి కంటే ముందుండాలని చట్టమే చేసుకుంది. ఈసారి డెమొక్రటిక్ పార్టీ సౌత్ కరొలైనాని ముందు పెట్టినా వాళ్ళు వినలేదు. బైడెన్ పేరు బ్యాలెట్‌లో లేకపోతే ఓటర్లు చేత్తో రాసి గెలిపించారు. ఒక్కో రాష్ట్రం తన పట్టు వదలదు, కేంద్రం బలవంతపెట్టలేదు.

క్యూలో ఉన్నా
22 అక్టోబర్ 2024, రాత్రి 9:15

ఓటు లేనివాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. నేను హెచ్‌1బీ వీసా మీద పెన్సిల్వేనియాలోని కింగ్ ఆఫ్ ప్రష్యా ఊళ్ళో ఉంటున్నా. గ్రీన్ కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో తెలియదు. నాకు ఓటు లేదు, అయినా రోజూ మెసేజ్‌లు వస్తాయి. ఈ నంబర్ నాకంటే ముందు వేరే ఎవరిదో, ఆ పేరుతో పిలుస్తూ "మీరు ఇంకా ఓటెయ్యలేదని మా రికార్డుల్లో ఉంది" అంటారు.

మీకు విసుగు. మాకు టెన్షన్. స్టేజీ మీద ఒక్కో నాయకుడు వీసాల గురించి ఒక్కో మాట అన్నప్పుడల్లా ఊళ్ళో మా నాన్న ఫోన్ చేస్తాడు, ఇల్లు కొనాలా ఆగాలా అని మా ఆవిడ అడుగుతుంది. రెండు నెలల ప్రచారమైతే రెండు నెలల భయంతో పోయేది. రెండేళ్ళ పాటు ఒక నిర్ణయమూ తీసుకోలేక కూర్చున్నాం. గెలిచాక వాళ్ళు ఏం చేస్తారో అది చేస్తారు, దాన్ని ఎదుర్కొంటాం. ఎన్నాళ్ళు తెలియకుండా ఉండాలి అన్నదే కష్టం.

ఇంకొక్క విషయం. గ్రీన్ కార్డు ఉన్న అమ్మానాన్నలున్నవాళ్ళు జాగ్రత్తగా చూసుకోండి. లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చెయ్యాలా అని ఫారంలో అడుగుతారు. పౌరసత్వం లేకుండా దానికి అవునని పెట్టినా, ఓటు వేసినా చాలా పెద్ద నేరం, దేశం నుంచి పంపేసే ప్రమాదం కూడా ఉంది. ఇన్ని మెసేజ్‌లు చూసి మనకూ ఓటుందేమో అనుకునే పెద్దవాళ్ళు ఉన్నారు.

నిర్వాహకులు
23 అక్టోబర్ 2024, ఉదయం 6:00

రెండు పోస్టులు తీసేశాం. ఒకటి ట్రంప్ సమర్థకుల్ని, ఒకటి హారిస్ సమర్థకుల్ని తిట్టినది. దయచేసి విషయం మీదే ఉండండి.

ఫిల్లీ శివారు
23 అక్టోబర్ 2024, రాత్రి 10:30

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. క్యూలో ఉన్న తమ్ముడి పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఒక పనికొచ్చే మాట. మెసేజ్‌లకి "స్టాప్" అని పెడితే ఆ ఒక్క నంబరే ఆగుతుంది, ఇంకో సంస్థ ఇంకో నంబర్ నుంచి మొదలుపెడుతుంది. కాల్స్ వద్దని పెట్టుకునే జాతీయ జాబితా రాజకీయ కాల్స్‌కి వర్తించదు. వీటన్నిటికంటే బాగా పనిచేసేది ఓటు వేసెయ్యడం. ఎవరి బ్యాలెట్ కౌంటీకి చేరిందో (ఎవరికి వేశారన్నది కాదు, వేశారా లేదా అన్నది) ఆ జాబితా పార్టీలకి అందుతుంది. వేసినవాళ్ళ మీద డబ్బు ఖర్చు పెట్టడం దండగ కాబట్టి పేరు తీసేస్తారు. మా వీధిలో మెయిల్ బ్యాలెట్ ఇచ్చేసినవాళ్ళకి ఫోన్లు బాగా తగ్గాయి. పెన్సిల్వేనియా వాళ్ళకి మెయిల్ బ్యాలెట్ అడగడానికి గడువు అక్టోబర్ 29. బ్యాలెట్ పోలింగ్ రోజు రాత్రి 8 లోపు కౌంటీకి చేరాలి. లోపలి కవరులో పెట్టడం, బయటి కవరు మీద సంతకం, తేదీ మర్చిపోకండి.

పాత పేపర్లు
24 అక్టోబర్ 2024, ఉదయం 9:40

ప్యూ అనే సర్వే సంస్థ 2016 జూన్, జూలైల్లో అడిగితే ప్రతి 10 మందిలో దాదాపు 6గురు ఎన్నికల వార్తలతో అలసిపోయామన్నారు. అప్పటికి పోలింగ్ ఇంకా నాలుగు నెలలుంది. 2023లో అడిగితే 65 శాతం మంది, రాజకీయాల గురించి ఆలోచిస్తే ఎప్పుడూ లేదా తరచుగా అలసటే కలుగుతుందన్నారు. ఆశ కలుగుతుందన్నవాళ్ళు 10 శాతం. 2012లో కొలరాడోలో ఒక నాలుగేళ్ళ పాప, రేడియోలో ఒబామా, రామ్నీల పేర్లు వినీ వినీ ఏడ్చేసిన వీడియో చూసి ఎన్‌పీఆర్ రేడియో క్షమాపణ చెప్పింది. అంటే ఇది ఈ ఇద్దరు అభ్యర్థుల వల్ల వచ్చింది కాదు.

అయినా అలసిపోయినవాళ్ళు ఓటు మానేస్తున్నారా అంటే, లేదు. 2020లో అర్హులైనవాళ్ళలో సుమారు 66 శాతం వేశారు. 1900 తర్వాత అంత శాతం ఎప్పుడూ లేదు. అందుకే పార్టీలకి ఈ అలసట గురించి చింత లేదు. నష్టం వేరేచోట కనిపిస్తుంది. బ్యాలెట్‌లో పైనున్న పేరుకి వేసి, కిందున్న జడ్జీలు, కౌంటీ అధికారుల గడులు ఖాళీగా వదిలేస్తారు. అధ్యక్ష ఎన్నిక లేని ఏడాదిలో అసలు రారు. బే ఏరియా బుజ్జి గారు టేబుల్ మీది గైడు పుస్తకం గురించి రాశారు చూశారా, నన్ను బాధపెట్టేది అదే.

బే ఏరియా బుజ్జి
27 అక్టోబర్ 2024, సాయంత్రం 4:20

ఆ పది ప్రతిపాదనలూ చదివాను. వార్తలు రెండు రోజులు ఆపేసి కూర్చున్నాను. మా వీధిలో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి తలా కొన్ని పంచుకుని, ఒకరికొకరం చెప్పుకున్నాం. అద్దెల ప్రతిపాదన దగ్గర గట్టిగా వాదించుకున్నాం కూడా. రెండేళ్ళలో రాజకీయాలు మాట్లాడి నాకు తేలిగ్గా అనిపించింది ఆ ఒక్క సాయంత్రమే.

ఫోర్సైత్ అన్న
6 నవంబర్ 2024, ఉదయం 7:10

తెల్లారేసరికి తేలిపోయింది. గెలిచినవాళ్ళకి అభినందనలు, ఓడినవాళ్ళు ధైర్యంగా ఉండండి. ఈసారి మాకు సెనేట్ ఎన్నిక లేదు కాబట్టి దాని రన్‌ఆఫూ లేదు. దేవుడి దయ.

క్యూలో ఉన్నా
6 నవంబర్ 2024, ఉదయం 8:30

తెలిసింది. ఇక ఏం చెయ్యాలో ఆలోచించుకుంటాం.

ఫిల్లీ శివారు
9 నవంబర్ 2025, మధ్యాహ్నం 3:00

ఏడాది తర్వాత పాత థ్రెడ్ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కొత్తది మొదలుపెట్టడం కంటే ఇక్కడే రాయడం బాగుంటుందనిపించింది.

మొన్న నవంబర్ 4న ఇక్కడ ఎన్నికలు జరిగాయి. రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలు ముగ్గుర్ని కొనసాగించాలా వద్దా అన్న ఓటు కోసం టీవీలో యాడ్లు వచ్చాయి. ముగ్గురూ నిలిచారు. అదే బ్యాలెట్‌లో స్కూల్ బోర్డు కూడా ఉంది. దాని గురించి టీవీలో ఒక్క ముక్క లేదు. మా ఇంటి పన్నులో పెద్ద భాగం తీసుకునేది స్కూలు. మా వాడికి మ్యూజిక్ టీచర్ ఉండాలా వద్దా, బస్సు ఏ వీధిలో ఆగాలి అన్నవి తేల్చేది వాళ్ళే. పోయినేడు ఓటు కోసం గంటన్నర లైన్లో నిలబడ్డ మా స్నేహితులు చాలామంది "ఈ ఏడాదీ ఎన్నికలా? వద్దులే" అన్నారు. వాళ్ళని తప్పు పట్టలేను. రెండేళ్ళు వాళ్ళ తలుపులు అంతలా బాదాక మిగిలింది ఇంతే.

పాత పేపర్లు గారు రాసిన మాట గుర్తుండటం వల్లే నేను వెళ్ళాను. అభ్యర్థుల్లో ఒకరు బూత్ బయట నిలబడి ఉన్నారు. ఒక పావుగంట మాట్లాడాను. నాకు మెసేజ్ ఒక్కటి కూడా పంపని ఆ మనిషి, నేను అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చారు.

ఫోర్సైత్ అన్న
9 నవంబర్ 2025, సాయంత్రం 5:40

మా దగ్గర కరెంటు చార్జీలు తేల్చే పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కి రెండు సీట్లకి ఓటింగ్ జరిగింది. బిల్లులు మండిపోతున్నాయి కాబట్టి ఈసారి జనం కదిలారు, ఉన్నవాళ్ళు ఇద్దరూ ఓడిపోయారు. ఏ పార్టీ అని కాదు, తన ఇంటికి తగిలే విషయమని తెలిస్తే మనిషికి అలసట గుర్తురాదు అక్కా. మా బావమరిది అధ్యక్ష ఎన్నికకి విసుక్కుంటూ వెళ్ళినవాడు, దీనికి పొద్దున్నే వెళ్ళొచ్చాడు.

తలుపు తట్టేవాణ్ణి
9 నవంబర్ 2025, రాత్రి 8:15

మేడమ్, మీ స్కూల్ బోర్డు మళ్ళీ ఎప్పుడు? మీ రాష్ట్రంలో ప్రైమరీలో ఓటెయ్యాలంటే పార్టీలో నమోదై ఉండాలంటారు, నిజమేనా?

ఫిల్లీ శివారు
9 నవంబర్ 2025, రాత్రి 9:05

నిజమే. స్కూల్ బోర్డు ఎన్నికలు బేసి ఏడాదుల్లో వస్తాయి, మళ్ళీ 2027లో. ఒకే అభ్యర్థి రెండు పార్టీల ప్రైమరీల్లోనూ పేరు వెయ్యొచ్చు. రెండిట్లోనూ గెలిస్తే నవంబర్‌కి పోటీ దాదాపు లేనట్టే. అంటే చాలాచోట్ల మే నెల ప్రైమరీలోనే తేలిపోతుంది. ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్ళకి అక్కడ అభ్యర్థుల్ని ఎంచుకునే అవకాశం లేదు. మన తెలుగువాళ్ళలో చాలామంది "ఏ పార్టీ వద్దు" అని పెట్టుకున్నవాళ్ళే. మార్చుకోవాలంటే పోలింగుకి 15 రోజుల ముందు దాకా ఆన్‌లైన్‌లో చెయ్యొచ్చు.

క్యూలో ఉన్నా
9 నవంబర్ 2025, రాత్రి 9:50

అక్కా, మా పాప వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌లో చేరుతుంది. ఆ బోర్డు మీటింగులకి ఓటు లేనివాళ్ళు వెళ్ళొచ్చా?

ఫిల్లీ శివారు
9 నవంబర్ 2025, రాత్రి 10:10

తప్పకుండా. పెన్సిల్వేనియాలో ఆ మీటింగులు అందరికీ తెరిచి ఉండాలని చట్టమే ఉంది. ఆ డిస్ట్రిక్ట్‌లో నివాసం ఉన్నవాళ్ళు, పన్ను కట్టేవాళ్ళు మాట్లాడొచ్చు కూడా, పౌరసత్వంతో పని లేదు. పేరు, ఏ టౌన్‌షిప్‌లో ఉంటారో చెబితే చాలు. కొన్నిచోట్ల మాట్లాడేవాళ్ళు ముందుగా పేరు రాయించుకోవాలి, కాబట్టి మీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో తేదీతో పాటు అదీ చూసుకో. మొదటిసారి కావాలంటే నేనూ వస్తాను.